గేజీ పుస్తకంలో ఆఖరి పేజీ

లాకు దగ్గర లస్కరునండి.
పొద్దున్న ఆరింటికి, సాయంత్రం ఆరింటికి
గేజీ రాయి మీద నీరెంత ఉందో చూసి రాయడం నా పని.
ఇరవై రెండేళ్లలో ఒక్క అంగుళం తప్పు రాయలేదు.

ఆ ఏడు మాత్రం
కాలవ గట్లొరుసుకుని పారుతుంటే
నా లోపల ఎవరో షట్టరు దించేశారు.

ఏడుపు కాదు. ఏడుపైతే నీరే కదా.
అడుగున నల్లబురద, దాని మీద బీటలు,
బీటల్లో నోళ్లు తెరుచుకున్న ఆల్చిప్పలు.
గ్లాసులో టీ చల్లారి మీగడ కట్టేది,
చెయ్యి దానిదాకా వెళ్లేది కాదు.
తలుపు లేవాలంటే హ్యాండిలు నూటపది చుట్లు.
నలభై దగ్గర ఆగిపోయి
ఎందుకు తిప్పుతున్నానో మరిచిపోయేవాణ్ణి.

గాలి సోకిందన్నారు.
తాయెత్తు కట్టారు, నిమ్మకాయ దిగదుడిచారు.
"మొగోడివి, నలుగుర్లోకీ రా" అన్నాడు మా బావమరిది
సీసా మూత తిప్పుతూ.
ఆ నలుగుర్లోనే నేను మరీ ఒంటరినయ్యాను.

పల్లాలమ్మ ఏమీ అనలేదు.
ఒక రాత్రి లాకు గోడ మీద నేను కూర్చున్న తీరు చూసి
పక్కన చేరి చొక్కా అంచు పట్టుకుంది.
తెల్లారేదాకా వదల్లేదు.
ఏడున్నర బస్సుకి అమలాపురం.

డాక్టరు జుబేదా గారు
వారం సగం బిళ్ళ, ఆ పైన నిండు బిళ్ళ రాసి
"మూడు నాలుగు వారాలు పడుతుంది, మధ్యలో ఆపకండి" అన్నారు.
పదో రోజుకి నోరెండింది, వేళ్లు వణికాయి,
గుణం మాత్రం లేదు.
విసిరేద్దామని గట్టు మీద నిలబడితే
నా ఉద్యోగమే నాకు అడ్డొచ్చింది.
ధవళేశ్వరంలో తలుపులెత్తిన రోజే
శివారు చేలోకి నీరొస్తుందా?
బోదెలు తడవాలి, బీటలు తాగాలి,
గుర్రపుడెక్క కదలాలి.
అప్పటిదాకా శివారు రైతు నన్ను తిడుతూనే ఉంటాడు.
ఈసారి శివారూ నేనే, రైతూ నేనే.
తిట్టుకుంటూనే మింగాను.

ఆవిడ చెప్పిన మిగతావన్నీ చిన్నవి,
చెప్పుకోడానికి సిగ్గేసేటంత.
ఆ మందు మానేసి ఈ మందు వేసుకోండి.
పొద్దుటి ఎండ వీపుకి తగలనివ్వండి.
ఆకలి లేకపోయినా వేళకి కంచం ముందు కూర్చోండి.
నడవండి.
మొదట తూము దాకా నడిచాను.
ఓ వారం తూము దాకా కూడా కాదు, గుమ్మం దాకా.
తర్వాతెప్పుడో రెండో వంతెన.

పల్లాలమ్మ కంచంలో
ముడిబియ్యం అన్నం, గట్టున కోసుకొచ్చిన పొన్నగంటి కూర,
సంతలో చవగ్గా దొరికే కవళ్ల పులుసు.
నెలల తరబడి మట్టి నమిలినట్టే ఉంది.
ఒక ఆదివారం, పులుసులో ఉప్పెక్కువైందన్నాను.
గరిటె అలాగే వదిలేసి
పెరట్లోకి పోయి ఏడ్చింది.
ఏడాదిన్నరలో నేను పెట్టిన మొదటి వంక అది.

తర్వాత ఒక తప్పు చేశాను, దాచను.
బాగానే ఉన్నాను కదాని మాఘమాసంలో బిళ్ళలు ఆపేశాను.
ఇరవై రోజులు ఏమీ కాలేదు.
ఇరవయ్యొకటో రోజు
చప్పుడైనా లేకుండా షట్టరు దిగింది.
జుబేదా గారు తిట్టలేదు.
మళ్లీ సగం బిళ్ళ నుంచి అన్నారు.
ఫీజు తీసుకోలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇప్పుడు గేజీ పుస్తకంలో ఆఖరి పేజీ
నా కోసం వాడుకుంటున్నాను.
సర్కారు కాగితమే, తప్పే.
ముందు కాలవ మట్టం రాసి,
వెనక్కి తిప్పి నా మట్టం రాస్తాను.
నిన్న నాలుగడుగుల రెండంగుళాలు.
పోయిన బుధవారం అడుగున్నర, దాని పక్కన
"నిద్ర లేదు. నడవలేదు. బిళ్ళ వేసుకున్నాను."

మొన్న తనిఖీకొచ్చిన కొత్త ఇంజినీరు
పేజీలు తిప్పుతూ ఆఖరికొచ్చి
"ఇదెక్కడి గేజీ?" అన్నాడు.
చెప్పాను. కుర్రాడు, కళ్ల కింద నలుపు.
పై నుంచి కిందికి చదివాడు, మళ్లీ పైకెళ్లాడు.
సంతకం పెట్టబోయి ఆగి
అమలాపురం బస్సు ఎన్నింటికని అడిగాడు.
ఏడున్నర అన్నాను.
తొమ్మిదికి ఇంకోటుంది గానీ
దాన్ని నమ్ముకోకండి.